పాత డిజైర్ డీజిలా, ఎటియోస్ డీజిలా? విజయవాడలో కొంటుంటే ముందు ఇది చూడండి

2013 మారుతి డిజైర్, 2012 టయోటా ఎటియోస్, రెండూ డీజిలే, ధర కూడా దగ్గరదగ్గరే, ఇంట్లో పెద్దవాళ్లున్నారు, ఏది తీసుకోమంటారు అని అడిగారు కదండీ. మేమూ ఈ రెంటి మధ్యే తర్జనభర్జన పడి ఎటియోస్ తీసుకున్నాం. అమ్మ మోకాళ్ల కోసమే. దాంట్లో వెనక సీటు దగ్గర నేల దాదాపు చదునుగా ఉంటుంది, కాళ్లు హాయిగా చాపుకోవచ్చు. డిక్కీ 595 లీటర్లు. డిజైర్‌ను ఆ మోడల్ నుంచి నాలుగు మీటర్ల లోపుకి కుదించారు కాబట్టి దాని డిక్కీ 316 లీటర్లే. లోపలి అందం మాత్రం డిజైర్‌దే. రెండింటి ఇంజిన్లలోనూ టైమింగ్ బెల్టు బదులు చైనే ఉంటుంది, కాబట్టి ఆ బెల్టు మార్పించే ఖర్చు లేదు.

అయితే మన ఊళ్లో మోడల్ కంటే ముందు చూడాల్సింది వరద. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఎన్నో కార్లు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. మేం చూసిన ఒక డిజైర్ పైకి కొత్తదానిలా మెరిసిపోతోంది, నీళ్లు చూడని బండి అన్నాడు డీలర్. మాతో వచ్చిన ఆటోనగర్ మెకానిక్ సీటు బెల్టును చివరిదాకా లాగాడు. ఎప్పుడూ లోపల చుట్టుకుని ఉండే ఆ చివరి జానెడులో ఎండిన బురద చార కనిపించింది! ఇక బేరం మాటే ఎత్తకుండా వచ్చేశాం. మీరూ సీటు బెల్టులన్నీ లాగి చూడండి. స్టెప్నీ ఉండే గుంట, సీటు కింద పట్టాల తుప్పు చూడండి, కార్పెట్ ఎత్తి వాసన చూడండి. నీళ్లు తాగిన వైరింగ్ నెలల తర్వాత ఏడిపిస్తుంది, ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు.

ఎటియోస్‌లు ట్యాక్సీలుగా బాగా తిరిగాయి. పసుపు ప్లేటు తీసి తెల్లదానికి మార్చారేమో ఆర్సీ వివరాల్లో చూసుకోండి, మీటరు అంకెను నమ్మకండి. పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మీ ముందే స్టార్ట్ చేయించండి, లోపాలుంటే అప్పుడే బయటపడతాయి. అమ్మేవాళ్లు ముందే వేడి చేసి ఉంచితే ఇంకోరోజు వస్తామని చెప్పండి.

కాగితాల్లో ఒకటి మర్చిపోవద్దు: సొంత కారు ఆర్సీ 15 ఏళ్లే. 2012లో రిజిస్టరైన ఎటియోస్‌కి 2027తో గడువు అయిపోతుంది, ఆ తర్వాత ఫిట్‌నెస్ చేయించి ఐదేళ్లకు రెన్యువల్ చేయించుకోవాలి. ఆ ఖర్చు ఇప్పుడే బేరంలో తగ్గించమని అడగండి. తెలంగాణలో రిజిస్టరైన బండైతే అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకోవాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలేమో ముందే కనుక్కోండి.