కరెంటు, సరుకులు, ఏటీఎంలు అన్నీ ఆగిపోతే తిరుపతిలో అపార్ట్‌మెంట్ కుటుంబం నెల రోజులు గడుపుకోగలదా?

"ఐదో అంతస్తులో సొంత ఫ్లాటు, మిద్దె మీద సోలార్, బోరు, ఇన్వర్టరు, రెండు కార్లు, బ్యాంకులో డబ్బు. నలుగురం. వ్యవస్థ కూలితే మాకేం ఢోకా?" అని అడిగారు. మీరు చెప్పినవాటిలో ముప్పాతిక భాగం మొదటిరోజు సాయంత్రానికే పనికిరావు సార్.

ముందు సోలార్. నెట్ మీటరుతో (మిగిలిన కరెంటును లైన్లోకి పంపి లెక్కగట్టే మీటరు), బ్యాటరీ లేకుండా పెట్టుకున్నదైతే అది ఆన్‌గ్రిడ్ రకం, అంటే లైన్లో కరెంటు ఉంటేనే పనిచేసేది. లైన్లో కరెంటు పోగానే, స్తంభమెక్కిన లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా దానంతటదే ఆగిపోతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా ఫ్యాను తిరగదు. ఇంట్లో ఇన్వర్టరుకుండే 12 వోల్టుల, 150 ఏహెచ్ (యాంపియర్ అవర్) బ్యాటరీలో పట్టేది 1.8 యూనిట్లు, చేతికొచ్చేది యూనిట్ చిల్లర. దానికి విడిగా ప్యానెలు, ఛార్జ్ కంట్రోలరు తగిలిస్తే లైట్లకూ ఫోన్లకూ దిగుల్లేదు.

అసలు కష్టం నీళ్లది. 5 హెచ్‌పీ మోటారంటే 3.7 కిలోవాట్లు, ఇంటి ఇన్వర్టరు దాన్ని కదిలించలేదు. జనరేటరు డీజిల్ ఉన్నంతసేపే. మామూలు చేతిపంపు 150 అడుగులు దాటితే ఎక్కదు, మన బోర్లేమో వందల అడుగులు. అందుకే కరెంటు పోయిన గంటలోనే మిద్దె మీది ట్యాంకు గేట్ వాల్వు కట్టేయాలి. ఈ పని చేయక, ఎప్పటిలాగే ఫ్లష్‌లు నొక్కుతూ తెల్లారేసరికి ట్యాంకు ఖాళీ చేసుకుంటారు. మనిషికి రోజుకు 15 లీటర్లు పెట్టుకోండి. నలుగురికి 60, అంటే ఇరవై లీటర్ల క్యాన్లు మూడు. ట్యాంకు అయిపోయాక అవి కింది నుంచి ఐదంతస్తులు మోయాలి, లిఫ్టు లేకుండా. ఆ రోజుల్లో బిల్డింగులో అన్నిటికన్నా విలువైనది కిందనుండే వాచ్‌మన్ గది!

ఆర్వో మిషన్‌ను మరిచిపోండి. నీళ్లను తేర్చి, నాలుగు మడతల నూలుగుడ్డలో వడకట్టి, వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపి అరగంట ఆగాలి. తెరిచి పెట్టిన పాత పౌడరులో పస ఉండదు. అరగంట తర్వాత కూడా వాసన కాస్త తగలాలి.

తిండికి మనిషికి రోజుకు 400 గ్రాముల లెక్కన నెలకు బియ్యం 48 కిలోలు. అందులో సగం రాగులు పెట్టుకోండి, పురుగు అంత తొందరగా పట్టదు. పిండి మాత్రం ఆడించి పెట్టుకోవద్దు, కొన్ని నెలలకు చేదెక్కుతుంది. మర, మిక్సీ రెండూ ఆడవు కాబట్టి తిరగలి కావాలి. ఇక సంగటి: గ్లాసు నూకలకు ఐదారు గ్లాసుల నీళ్లు పోసి మెత్తగా ఉడికించి, రెండు గ్లాసుల పిండి నడిమధ్య కుప్పగా పోసి, కట్టెతో బొక్క చేసి, మూత పెట్టి సన్నమంట మీద పది నిమిషాలు వదిలేయాలి. పోసిన వెంటనే కలిపితే ఉండలు కడుతుంది, లోపల పచ్చిపిండి మిగులుతుంది. సంగటిలోకి నంజుకునే ఊరిబిండికి (చెనక్కాయల పచ్చడి) చెనక్కాయలు గుల్లతోనే దాచండి, వొలిచిపెడితే ముక్కిపోతాయి. సిలిండరులో గ్యాసు 14.2 కిలోలే, పప్పు రాత్రే నానబెట్టి కుక్కర్లో పెట్టండి.

వాచ్‌మన్ కుటుంబానికి, పనిమనిషి ఇంటికి కూడా బియ్యం కొనండి. ఇది దయ కాదు, లెక్క. 2020 మార్చి 20 నుంచి రెండున్నర నెలలు దర్శనాలు ఆగితే యాత్రికుల మీద బతికే ఈ ఊళ్లో రోజుకూలికి ఏమైందో చూశాం. చుట్టూ ఆకలి ఉంటే మీ స్టోర్‌రూమ్ తాళం ఎన్నాళ్లు ఆగుతుంది?

చంద్రగిరి, పాకాల వైపు చేదబావి ఉన్న బంధువులుంటే రెండో రోజే బయల్దేరండి, వారం చూడొద్దు. ఒక బస్తా బియ్యం వెంట తీసుకెళ్లండి, నలుగురు ఉత్తచేతులతో దిగితే వాళ్లకూ భారమే. దారులు రెండు తెలిసి ఉండాలి: 2021 నవంబరులో స్వర్ణముఖి నది పొంగినప్పుడు, తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లను ఖాళీ చేయించారు. బీపీ, షుగరు మాత్రలు రెండు నెలలవి పెట్టుకోండి. ఇన్సులిన్ ఉంటే పెద్ద కుండలో తడి ఇసుక పోసి, మధ్యలో చిన్న కుండ దించి, తడిగుడ్డ కప్పి నీడలో పెట్టండి. ఇసుక ఆరకుండా పొద్దున, సాయంత్రం తడపాలి.