గర్భసంచి ఆపరేషన్ తర్వాత పేగులు అతుక్కుంటాయా?

డాక్టర్ సలహా

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. మాది పలమనేరు. రెండు కాన్పులూ సిజేరియనే. గర్భసంచిలో గడ్డలున్నాయి. నెలనెలా రక్తం ఎక్కువ పోయి హిమోగ్లోబిన్ 8కి పడిపోయింది. తిరుపతిలో చూపిస్తే గర్భసంచి తీసేయాలన్నారు. మా చిన్నత్తకు ఇదే ఆపరేషన్ అయిన నాలుగేళ్లకు పేగులు అతుక్కున్నాయని మళ్లీ కడుపు కోశారు. నాకు అలా కాకుండా ఏం చేయాలి? పొట్టకు ఆముదం రాసి గుడ్డ బిగించి కట్టుకుంటే అతుక్కోవంటున్నారు, నిజమేనా? కొండకు నడిచి వస్తానని మొక్కుకున్నాను. ఎన్నాళ్లకు ఎక్కవచ్చు?
- ఓ సోదరి, పలమనేరు

జవాబు: ఆముదం, నడికట్టు రెండింటి పనీ చర్మం వరకే. లోపలి అతుకులను అవి ఆపలేవు. దగ్గినప్పుడు, లేచినప్పుడు కుట్లకు ఆసరాగా బెల్టు పెట్టుకోవచ్చు. ఊపిరి ఆడనంతగా బిగించకండి. పచ్చి కుట్ల మీద మర్దన అసలు వద్దు.

అతుకులు ఎందుకు పడతాయో తెలిస్తే మిగతాది సులువు. పొట్ట లోపలి గోడ మీద, పేగుల మీద పెరిటోనియం అనే పల్చటి తడి పొర ఉంటుంది. అది నున్నగా ఉండబట్టే పేగులు ఒకదానిమీద ఒకటి జారుతుంటాయి. కోత పడినా, పొడి గుడ్డ రుద్దుకున్నా, చాలాసేపు గాలికి ఎండినా ఆ పొర దెబ్బతిని, అక్కడ ఫైబ్రిన్ అనే జిగురు ఊరుతుంది. మామూలుగా మూడు రోజుల్లో శరీరమే దాన్ని కరిగించుకుంటుంది, వారంలో కొత్త పొర వస్తుంది. ఆ చోటికి రక్తం సరిగా అందకపోయినా, రక్తపు గడ్డలు మిగిలిపోయినా, చీము పట్టినా కరిగించే శక్తి తగ్గిపోతుంది. మిగిలిన జిగురు దారంలాగో పట్టీలాగో గట్టిపడి రెండు భాగాలను కలిపేస్తుంది. కాబట్టి అతుకు పడేదీ లేనిదీ ఆపరేషన్ టేబుల్ మీద, ఆ తర్వాతి వారంలో తేలిపోతుంది. మూడు నెలల తర్వాత ఏం రాసినా, ఏం మింగినా మారదు.

కడుపు తెరిచి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో చాలామందికి ఎంతో కొంత అతుకు ఉంటుంది. ఎక్కువమందికి అది ఉన్నట్టే తెలియదు. స్కాట్లాండ్‌లో 1986లో కడుపు, కటి ఆపరేషన్లు అయిన దాదాపు 30 వేల మందిని పదేళ్లు గమనించారు. అతుకులతో సంబంధం ఉన్న, లేదా ఉండొచ్చనిపించిన సమస్యలతోనో, అతుకులు అడ్డుపడగల మరో ఆపరేషన్ కోసమో మూడో వంతు మంది మళ్లీ ఆసుపత్రిలో చేరారు. అలా చేరిన సందర్భాలన్నింటిలో కచ్చితంగా అతుకులే కారణమని తేలినవి 5.7 శాతమే. మీ చిన్నత్తకు జరిగినట్టే మీకూ జరగాలని లేదు.

నన్నడిగితే అతుకులను తప్పించే మొదటి మార్గం, అక్కర్లేని ఆపరేషన్ చేయించుకోకపోవడం. గడ్డలు ఎంత పెద్దవి, ఎక్కడున్నాయి అన్నది మీరు రాయలేదు. అవి గర్భసంచి లోపలి గదిని వంకర చేయకపోతే, బాధ రక్తస్రావం ఒక్కటే అయితే, హార్మోన్ లూప్ (రక్తస్రావం తగ్గించడానికి గర్భసంచి లోపల అమర్చే చిన్న పరికరం) వేయించుకోవచ్చేమో అడగండి. గర్భసంచి ఉంచి గడ్డలు మాత్రమే తీసే ఆపరేషన్ చిన్నదిగా వినిపిస్తుంది కానీ అతుకులకు పేరుమోసింది అదే, ముఖ్యంగా వెనక గోడ మీద కోత పడితే. తీసేయక తప్పదంటే ముందు ఐరన్ ఇంజెక్షన్లతో హిమోగ్లోబిన్‌ను కనీసం 10కి తెచ్చుకోండి.

రెండు సిజేరియన్ల వల్ల మీ మూత్రాశయం గర్భసంచి ముందు భాగానికి ఇప్పటికే అతుక్కుని ఉండే అవకాశం ఉంది. స్కానింగ్‌లో అతుకులు నేరుగా కనబడవు. అందుకే పాత డిశ్చార్జ్ కాగితాలు రెండూ వెంట తీసుకెళ్లండి. కోత అడ్డమా, నిలువా అన్నది కూడా చెప్పండి. నిలువు కోత ఉంటే బొడ్డు కింద పేగు అతుక్కుని ఉండే అవకాశం ఎక్కువ. అలాంటప్పుడు ల్యాపరోస్కోపీ (చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే ఆపరేషన్) మొదటి రంధ్రాన్ని ఎడమ పక్కటెముకల కింద వేస్తారు. కోసి చేసేదాని కంటే ల్యాపరోస్కోపీలో, యోని మార్గంలో అతుకులు తక్కువ. గడ్డ మరీ పెద్దదైతే ఆ వీలుండదు.

సర్జన్‌ను అడగడానికి మొహమాటపడకండి. పౌడర్ లేని గ్లవుజులే వాడతారా? ఆ పౌడర్ రేణువులు అతుకులకు విత్తనాల్లా పనిచేస్తాయి. అమెరికా 2017 జనవరి నుంచి పౌడర్ గ్లవుజులను నిషేధించింది. పేగులను తడి గుడ్డతోనే పట్టుకోవడం, చివరి చుక్క రక్తం వరకు ఆపడం, గోరువెచ్చని సెలైన్‌తో కడగడం మంచి సర్జన్ చెప్పకుండానే చేసేవి. అతుక్కోకుండా లోపలి భాగాల మధ్య ఉంచే అడ్డుపొరల గురించీ అడగండి. సెల్యులోజ్ వల లాంటిది రక్తం పూర్తిగా ఆగిన చోటే పనిచేస్తుంది, రక్తం తగిలితే నల్లబడి వృథా అవుతుంది. ఇంకొకటి 4 శాతం ఐకోడెక్స్‌ట్రిన్ ద్రవం, లీటరు వరకు లోపలే వదిలేస్తారు. ఇది వాడితే కొన్ని షుగర్ మిషన్లు లేని షుగర్‌ను చూపిస్తాయి, అది నమ్మి ఇన్సులిన్ ఇస్తే ప్రాణం మీదికొస్తుంది. మీకు షుగర్ ఉంటే ఇది ముందే మాట్లాడుకోవాలి. ఈ పొరలతో అతుకులు తగ్గుతాయి కానీ పేగు మూసుకుపోవడం అంతే తగ్గుతుందన్న భరోసా లేదు. అన్నీ ఖరీదైనవే. అందరికీ అక్కర్లేదు.

ఆపరేషన్ మరుసటి రోజే లేచి నడవండి. అతుకుల కోసం కాదు, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా, గ్యాస్ త్వరగా పోయేలా. మన వైపు పథ్యం పేరుతో నీళ్లు తగ్గిస్తారు, అది మలబద్ధకానికే దారి. 'వాపు తగ్గడానికి' రాసే సెర్రాషియోపెప్టిడేజ్ మాత్రలు అతుకులను కరిగిస్తాయన్నదానికి ఆధారం లేదు.

ఏళ్ల తర్వాతైనా ఇవి కనిపిస్తే ఇంట్లో కూర్చోవద్దు: అలలు అలలుగా వచ్చే కడుపునొప్పి, పచ్చటి వాంతులు, పొట్ట ఉబ్బడం, గ్యాస్ కూడా పోకపోవడం. నీళ్లు, విరేచనాల మందు నోట్లో వేయకుండా సర్జరీ విభాగమున్న ఆసుపత్రికి వెళ్లండి. ముక్కులోంచి గొట్టం వేసి, సెలైన్ పెట్టి చూస్తే చాలామందికి కోయకుండానే దారి తెరుచుకుంటుంది. నొప్పి విడవకుండా ఉండి, జ్వరం, గుండెదడ తోడైతే పేగు చచ్చిపోతోందేమో అని అనుమానించాలి, అప్పుడు గంటలు లెక్క. పేగు ఇరుకైందని తేలినవాళ్లు మాత్రమే పీచు తగ్గించాలి: నారింజ తొనల పొర, మునక్కాయ పిప్పి, పీచు మామిడి. మిగతావాళ్లకు ఏ తిండీ నిషేధం కాదు.

మొక్కు సంగతి: అలిపిరి దారి 3,550 మెట్లు. ల్యాపరోస్కోపీ అయితే ఆరు నుంచి ఎనిమిది వారాలు, కోసి చేస్తే మూడు నెలలు ఆగండి. శ్రీవారి మెట్టు దారి పొట్టిదే కానీ నిటారుగా ఉంటుంది, మొదటిసారికి అది వద్దు. ముందు చదునైన నేల మీద ఆగకుండా గంట నడవగలగాలి, హిమోగ్లోబిన్ 11 దాటాలి. ఆరు వారాల వరకు నిండు బిందె, ఐదు కిలోలు దాటిన బియ్యం సంచీ ఎత్తొద్దు. కొండెక్కే రోజు సామాను కూడా ఇంకెవరి భుజానికైనా ఇవ్వండి.