ఇంతకీ ఏం చేయమంటారు?

ప్రశ్న: కెమిస్ట్రీ పీహెచ్‌డీ ముగించబోతున్నాను. కంపెనీలకు సలహాలిచ్చే కన్సల్టింగ్‌కి వెళ్లాలనుంది, కేసు ఇంటర్వ్యూ (ఏదో కంపెనీ సమస్య ఇచ్చి అక్కడికక్కడే పరిష్కారం చెప్పమనేది) అంటేనే భయం. బిజినెస్ పుస్తకాలన్నీ చదవాలా సార్?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అక్కర్లేదమ్మా. ఆదాయం, ఖర్చు, లాభం సంగతులు రెండు వారాల్లో పట్టుబడతాయి. మన పీహెచ్‌డీవాళ్ల జబ్బు వేరే, దేన్నీ తేల్చి చెప్పం. నేనూ ఫిజిక్స్ పీహెచ్‌డీ చేసి ఇటొచ్చినవాణ్ణే. మొదటి ఇంటర్వ్యూలో సిమెంటు కంపెనీకి లాభాలెందుకు తగ్గాయని అడిగితే, డేటాలో ఏమేం లోపాలుండొచ్చో పది నిమిషాలు చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టి, "ఇంతకీ ఏం చేయమంటారు?" అన్నాడు. నోరు పెగల్లేదు. ఉద్యోగం రాలేదని వేరే చెప్పాలా!

కేసులో అంచనా వేయమనే ప్రశ్నలూ వస్తాయి. హైదరాబాద్‌లో టీ కొట్లెన్ని అని అడిగారనుకో. జనం కోటి అనుకుందాం. నలుగురిలో ఒకరు బయట రోజుకి రెండు కప్పులు తాగితే 50 లక్షల కప్పులు. కొట్టుకి 500 చొప్పున 10 వేల కొట్లు. ఇదంతా పైకి చెబుతూ కాగితం మీద వేయాలి. "సందుల్లో కొట్లు 200 కూడా అమ్మవేమో" అని ఆ వెంటనే నువ్వే అనాలి. సున్నాలు జాగ్రత్త, లక్షల్ని మిలియన్లలోకి మార్చేటప్పుడే కొంప మునుగుతుంది.

మెకిన్సీ అనే పెద్ద కన్సల్టింగ్ కంపెనీలో కేసుతో పాటు నీ అనుభవాల గురించీ గుచ్చిగుచ్చి అడుగుతారు. అక్కడ పేపర్ల జాబితా చదవకు. గైడ్‌తో మాటా మాటా వచ్చినప్పుడు ఎలా నెగ్గుకొచ్చావో అది చెప్పు.