ప్రధాన సంఖ్యలు: నిర్వచనం కంటే ముందు కారణాంకాలు

ప్రశ్న: నేను ఆరో తరగతికి గణితం బోధిస్తున్నాను. ప్రధాన సంఖ్య, సంయుక్త సంఖ్యల నిర్వచనాలను పిల్లలు తడుముకోకుండా అప్పజెబుతున్నారు. అయినా 51, 91 వంటివి ఇస్తే ప్రధాన సంఖ్యలని రాస్తున్నారు. 2ను మాత్రం సరిసంఖ్య అని వదిలేస్తున్నారు. 1 ఈ రెండింటిలో దేనికీ చెందదంటే ఎందుకని అడుగుతున్నారు. నిర్వచనం అలా ఉందని చెప్పి ఊరుకోవడం నాకే తృప్తిగా లేదు. ఈ పాఠాన్ని ఎక్కడ మొదలుపెట్టాలి?
- ఒక ఉపాధ్యాయిని

జవాబు: 51, 2ల విషయంలో జరుగుతున్న పొరపాటు ఒకటే. పిల్లలకు నోటికి వచ్చిన 3, 5, 7, 11, 13 అన్నీ బేసి సంఖ్యలు కావడంతో, ప్రధాన సంఖ్య అంటే బేసి సంఖ్యే అన్న భావన వారి మనసులో నాటుకుపోయింది. నిర్వచనం నోటికి వచ్చినా, కారణాంకాలను వెతికే పని వారి చేతుల మీదుగా జరగలేదు. కాబట్టి కొత్త పేర్లేవీ చెప్పకుండా, గళ్ల కాగితం ఇచ్చి, సరిగ్గా 12 గళ్లు పట్టే దీర్ఘచతురస్రాలు ఎన్ని రకాలుగా గీయవచ్చో కనుక్కోమనండి. 1×12, 2×6, 3×4 అని మూడు వస్తాయి. 13 గళ్లకు ఎంత ప్రయత్నించినా 1×13 తప్ప మరొకటి రాదు. ఇలా 2 నుంచి 30 వరకు గీశాక, ఒకే దీర్ఘచతురస్రం వచ్చిన సంఖ్యలకు ప్రధాన సంఖ్యలని, అంతకంటే ఎక్కువ వచ్చిన వాటికి సంయుక్త సంఖ్యలని పేరు పెట్టండి. 2 మొదటి జాబితాలోకి, బేసి సంఖ్య అయిన 9 రెండో జాబితాలోకి వెళ్లడం పిల్లలు తామే చూస్తారు. చతురస్రం కూడా దీర్ఘచతురస్రమేనని ముందే చెప్పడం మరవకండి. లేకపోతే 9 దగ్గర తికమక పడతారు.

అయితే 1 సంగతి ఈ పద్ధతిలో తేలదు, ఎందుకంటే దానికీ ఒకే దీర్ఘచతురస్రం వస్తుంది. దానికి ఉన్న కారణాంకం ఒక్కటేనని, ప్రధాన సంఖ్యకు సరిగ్గా రెండు ఉండాలని చెప్పవచ్చు గానీ, మీ విద్యార్థులు అడుగుతున్నది అంతకంటే లోతైన ప్రశ్న. దానికి 60 మంచి ఉదాహరణ. ఒకరు 6×10తో, మరొకరు 4×15తో కారణాంక వృక్షం మొదలుపెట్టినా చివరికి ఇద్దరికీ 2×2×3×5 మాత్రమే వస్తుంది. ఏ సంయుక్త సంఖ్యనైనా ప్రధాన సంఖ్యల లబ్ధంగా రాసే తీరు, వాటి వరుసను పక్కనపెడితే, ఒక్కటే. 1ని కూడా ప్రధాన సంఖ్యగా ఒప్పుకుంటే 1×2×2×3×5 అనీ, 1×1×2×2×3×5 అనీ ఎన్ని రకాలుగానైనా రాయవచ్చు. అప్పుడు ఆ చక్కని నియమం నిలవదు. 1742లో గణితజ్ఞుడు ఆయిలర్‌కు రాసిన ప్రసిద్ధమైన లేఖలో మరో గణితజ్ఞుడు గోల్డ్‌బాక్ 1ని ప్రధాన సంఖ్యగానే లెక్కించాడు. నిర్వచనాలను గణితజ్ఞులు ఆలోచించి, అవసరాన్ని బట్టి స్థిరపరుస్తారన్న విషయం ఆరో తరగతి పిల్లలకు కూడా తెలియాలని నా అభిప్రాయం.

ఇక 51, 91ల కోసం ఎరటోస్తనీస్ జల్లెడను తీరికగా చేయించండి. 1ని పక్కనపెట్టి, 100 వరకు 2, 3, 5ల గుణిజాలను, ఆ సంఖ్యలను మాత్రం ఉంచి, కొట్టివేయించండి. 3 గుణిజాలను కొట్టివేసేటప్పుడే 51 పోతుంది. అంకెల మొత్తం 6 కాబట్టి భాజనీయతా సూత్రంతోనూ సరిచూడవచ్చు. 7 దగ్గరికి వచ్చాక కాసేపు ఆగండి. 14, 21, 28, 35 ముందే పోయి ఉంటాయి. కొత్తగా కొట్టివేయడానికి మిగిలేవి 49, 77, 91 మాత్రమే. 91 ఎందుకు మోసం చేస్తుందో ఇక్కడ అర్థమవుతుంది. తర్వాత 11తో కొత్తగా పోయేది 121 నుంచే కాబట్టి 100లోపు పని 7తో ముగుస్తుంది, 25 ప్రధాన సంఖ్యలు మిగులుతాయి. ఎందుకు ముగిసిందో పిల్లల చేతనే చెప్పించండి: 100 కంటే చిన్న సంఖ్యను రెండు సంఖ్యల లబ్ధంగా రాస్తే, ఆ రెండూ ఒకేసారి 10 కంటే పెద్దవి కాలేవు; ఒక్కటైనా 10 లేదా అంతకంటే చిన్నదై ఉండాలి.

పరీక్షలో ప్రధాన సంఖ్యల జాబితా రాయమని అడగకండి. 113 ప్రధాన సంఖ్య అని తేల్చడానికి ఏయే సంఖ్యలతో భాగించి చూస్తే చాలునో, ఎందుకు చాలునో రాయమనండి. దాని వెంటనే 143 ఇవ్వండి. కారణం గ్రహించకుండా 7 దగ్గర ఆగడం మాత్రమే నేర్చుకున్న విద్యార్థి 11×13ను చూడలేడు.