సరుకు ఒరిజినలే, మరి బ్రాండ్ అప్రూవల్ ఎందుకు రావట్లేదు?

ప్రశ్న: మాది గాజువాకలో చిన్న కాస్మెటిక్స్ షాపు. పూర్ణా మార్కెట్‌లో హోల్‌సేల్ వ్యాపారి దగ్గర పేరున్న బ్రాండ్ల క్రీములు తెచ్చి అమ్ముతాం. ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్‌లో పెడదామంటే ఆ బ్రాండ్లకు అప్రూవల్ కావాలన్నారు. బిల్లులు రెండుసార్లు పంపాం, రెండుసార్లూ తిరస్కరించారు. రూ.8,000 ఇస్తే పనికొచ్చే ఇన్‌వాయిస్ తయారు చేసి ఇస్తానని ఒకాయన అంటున్నాడు. తీసుకోవచ్చా? కన్స్యూమర్ కోర్టుకు వెళ్లొచ్చా?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: అమ్మా, ఆ రూ.8,000 బిల్లు జోలికి మాత్రం వెళ్లకండి. జరగని కొనుగోలుకు బిల్లు పుట్టించడం ఫోర్జరీ. మోసం చేసే ఉద్దేశంతో ఫోర్జరీ చేస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 336(3) కింద 7 ఏళ్ల వరకు జైలు పడవచ్చు. నకిలీ అని తెలిసి ఆ పత్రాన్ని వాడిన వారికీ సెక్షన్ 340 కింద అదే శిక్ష. పైగా మార్కెట్‌ప్లేస్ వాళ్లు బిల్లు మీదున్న సరఫరాదారును నేరుగా సంప్రదించి సరిచూసుకోవచ్చు. అబద్ధమని తేలితే అప్రూవల్ మాట అటుంచి అకౌంటే పోతుంది.

అసలు సరుకును అమ్ముకునే హక్కు మీకుంది. చట్టబద్ధంగా మార్కెట్లోకి వచ్చిన వస్తువును కొని తిరిగి అమ్మితే ట్రేడ్ మార్క్ ఉల్లంఘన కాదని ట్రేడ్ మార్క్స్ చట్టం, 1999 సెక్షన్ 30(3) చెబుతోంది. సీలు విప్పినా, చిన్న డబ్బాల్లోకి మార్చినా, సరుకు చెడినా మాత్రం 30(4) కింద బ్రాండ్ యజమాని అభ్యంతరం చెప్పవచ్చు. అయితే అమ్మే హక్కు వేరు, ఫలానా వెబ్‌సైట్‌లోనే అమ్మే హక్కు వేరు. రెండోది మీకూ వాళ్లకూ మధ్య ఒప్పందం వ్యవహారం. వ్యాపారం కోసం తీసుకున్న సేవ కాబట్టి వినియోగదారుల కమిషన్‌లో కేసు నిలవడం కష్టం. ఒప్పందంలో ఆర్బిట్రేషన్ క్లాజు (వివాదాన్ని కోర్టులో కాకుండా మధ్యవర్తి దగ్గర తేల్చుకోవాలన్న షరతు) కూడా ఉండవచ్చు, చదవండి. నా మాట వింటే కేసు కన్నా కాగితాల మీద దృష్టి పెట్టండి.

మీ బిల్లులు బయట పెట్టి చూడండి. 'క్యాష్ సేల్, క్రీములు 40 పీసులు' అని చేత్తో రాసిన చీటీ అయితే ఎన్నిసార్లు పంపినా తిరస్కరిస్తారు. బిల్లు మీద బ్రాండ్ పేరు, వస్తువు పూర్తి పేరు, సైజు, సంఖ్య విడివిడిగా ఉండాలి. మీ సంస్థ పేరు, చిరునామా సెల్లర్ అకౌంట్‌లో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. షాపు మారినా పాత డోర్ నంబరుతోనే బిల్లు వస్తుంటే అదే పెద్ద చిక్కు. సాధారణంగా ఒక్కో వస్తువు కనీసం 10 యూనిట్లు, ఇటీవలి నెలల కొనుగోలు అడుగుతారు. కచ్చితమైన సంఖ్య, గడువు మీ అప్లికేషన్ పేజీలోనే ఉంటాయి. కొటేషన్, ప్రొఫార్మా (అమ్మకానికి ముందు ఇచ్చే ముసాయిదా బిల్లు) పనికిరావు. ధర కనబడకుండా కప్పుకోవడానికి కొన్ని మార్కెట్‌ప్లేస్‌లు ఒప్పుకుంటాయి గానీ, మిగతా ఒక్క అక్షరం కూడా దిద్దకూడదు.

సరఫరాదారు జీఎస్‌టీ నంబరు జీఎస్‌టీ పోర్టల్‌లో వెతికి 'యాక్టివ్' అని ఉందో లేదో చూడండి. ఆంధ్రప్రదేశ్ నంబరైతే 37తో మొదలవుతుంది. ఆ కొనుగోలు మీ జీఎస్‌టీఆర్-2బీలో (సరఫరాదారులు చూపిన బిల్లుల ఆధారంగా పోర్టల్‌లో నెలనెలా వచ్చే మీ కొనుగోళ్ల పట్టికలో) కనబడితే బలమైన ఆధారం. మీరు కాంపోజిషన్ స్కీములో (చిన్న వ్యాపారులు టర్నోవర్‌పై తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) ఉంటే ఇతర రాష్ట్రాలకు అమ్మలేరు, ముందు రెగ్యులర్‌కు మారాలి.

బిల్లు సరిగ్గా ఉన్నా కొన్ని బ్రాండ్లు అధికార పత్రం అడుగుతాయి. పూర్ణా మార్కెట్ వ్యాపారి ఇచ్చే లేఖ దీనికి చాలదు. బ్రాండ్ యజమాని గానీ, అలాంటి అధికారం ఉన్న డిస్ట్రిబ్యూటర్ గానీ లెటర్‌హెడ్‌పై ఇవ్వాలి. అందులో మీ సంస్థ పేరు, జీఎస్‌టీ నంబరు, ఏ వస్తువులు, ఎప్పటివరకు అన్న వివరాలతో పాటు 'ఆన్‌లైన్‌లో అమ్మవచ్చు' అన్న మాట స్పష్టంగా ఉండాలి. షాపులో అమ్మడానికి ఇచ్చిన డీలర్‌షిప్‌లో ఈ మాట ఉండకపోవచ్చు. ఎక్కువ మంది బోల్తా పడేది ఇక్కడే.

విదేశీ క్రీమైతే డబ్బా వెనక స్టిక్కర్ చూడండి. దిగుమతిదారు పేరు, చిరునామా, కాస్మెటిక్స్ రూల్స్, 2020 ప్రకారం దిగుమతి రిజిస్ట్రేషన్ నంబరు, ఎంఆర్‌పీ ఉండాలి. అవి లేని సరుకుకు అప్రూవల్ వచ్చినా అమ్మకండి. అది నకిలీ అని తేలితే ట్రేడ్ మార్క్స్ చట్టం సెక్షన్ 104 కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, రూ.50,000 నుంచి రూ.2 లక్షల జరిమానా ఉంటుంది.

మూడోసారి పంపేముందు తిరస్కరణ మెయిల్‌లో రాసిన కారణం ఒక్కొక్కటీ సరిచేశారో లేదో చూసుకోండి. అప్రూవల్ వచ్చాక కూడా ఆ బిల్లులు పారేయకండి. రేపు బ్రాండ్ వాళ్లు మీ సరుకు నకిలీదని ఫిర్యాదు చేస్తే మీరు చూపించాల్సింది వాటినే.