పాత డీ750 అమ్మాలా, ఉంచాలా

అల్లుడూ,

నీ మెసేజ్ చూశాను. ఫోన్లో చెప్తే సగం వింటావు, మిగతా సగం మర్చిపోతావు. అందుకే కూర్చుని రాస్తున్నా.

నికాన్ మిర్రర్‌లెస్ కెమెరా జెడ్6 టూ కొన్నావు, సంతోషం. ఎక్స్ఛేంజ్‌లో షాపువాడు నీ పాత నికాన్ కెమెరా డీ750కి ఒక రేటు చెప్పాడు, ఇచ్చేయనా మావయ్యా అని అడిగావు. ఇప్పుడే ఇవ్వకు. పెళ్లి ఫొటోలు తీసేవాడివి, ఈ మాఘమాసం ముహూర్తాలు దాటనీ. ఆ తర్వాత ఇచ్చేయాల్సి రావచ్చు కూడా, అదెప్పుడో కూడా రాస్తాను.

నా దగ్గర ఒక్క ఎఫ్ఎం2 రీలు కెమెరా మాత్రమే ఉన్న రోజుల్లో ఒక పల్లెటూరి పెళ్లికి వెళ్లాను. జీలకర్ర బెల్లం దగ్గర ఉత్సాహం ఎక్కువై తెగ నొక్కేశాను. తీరా తాళి కట్టే టైముకి రీలు 36 అయిపోయి లీవర్ బిగుసుకుపోయింది. రీలు వెనక్కి చుట్టి కొత్తది ఎక్కించాలంటే ఎంత చేయి తిరిగినవాడికైనా నిమిషం పడుతుంది. మూడు ముళ్లకు అంతసేపు పట్టదు కదా. తలెత్తేసరికి అక్షింతలు పడుతున్నాయి. చేసేదిలేక, "బాబూ, తాళి ఒక్కసారి మళ్లీ పట్టుకోండి" అని పెళ్లికొడుకుని అడిగాను. పెళ్లికూతురు నాయనమ్మ లేచింది. "తాళి రెండుసార్లు కడతారా నాయనా?" అంది. మంటపం అంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ సీజన్ అయ్యేలోపు అప్పు చేసి సెకండ్ హ్యాండ్‌లో ఇంకో ఎఫ్ఎం2 కొన్నాను.

ఇప్పుడు రీలు బాధ లేదు, నిజమే. కానీ తలంబ్రాల దగ్గర లెన్స్ మార్చి చూడు. బియ్యం, పసుపు చాలవన్నట్టు ఈమధ్య రంగురంగుల థర్మోకోల్ పూసలు కూడా పోసుకుంటున్నారు. (ఆ పూసలు కనిపెట్టినవాడెవడోగానీ సెన్సర్ శుభ్రం చేసేవాళ్లకి చుట్టమై ఉంటాడు.) ఒక పూస లెన్స్ బిగించే మౌంట్‌లోకి దూరిందంటే ఆ రాత్రంతా నీకు టెన్షనే. మెడలో ఒకటి, భుజాన ఒకటి ఉంటే లెన్స్ విప్పే పనే ఉండదు.

అలాగని ప్రతి పాత కెమెరా సెకండ్ బాడీగా, అంటే రెండో కెమెరాగా, పనికొస్తుందని కాదు. నీ అదృష్టం, ఈ రెండూ బాగానే కలుస్తాయి. డీ750 బ్యాటరీలు జెడ్6 టూలో పనిచేస్తాయి, దాని బ్యాటరీలు దీన్లో పనిచేస్తాయి. ఛార్జర్ ఒకటే సరిపోతుంది. కాకపోతే పాత బ్యాటరీని కెమెరాలో ఉంచి యూఎస్‌బీతో ఛార్జ్ చేయలేవు. రెండూ 24 మెగాపిక్సెల్సే కాబట్టి ఆల్బమ్‌లో పక్కపక్కన పెట్టినా సైజులో తేడా తెలియదు. ఎస్‌డీ కార్డులు రెండింట్లో పడతాయి. ఫ్లాష్ కూడా అదే వాడుకోవచ్చు. పైగా నికాన్ లెక్క ప్రకారం డీ750కి ఒక ఛార్జింగ్‌లో 1,230 ఫొటోలు వస్తాయి. జెడ్6 టూకి వ్యూఫైండర్‌తో తీస్తే 340. పెళ్లిలో వరసగా నొక్కుతాం కాబట్టి ఆ లెక్కలకంటే ఎక్కువే వస్తాయనుకో. అయినా తెల్లవారుజామున ముహూర్తమైతే పాతదాని విలువ నీకే తెలుస్తుంది.

అసలు సంగతి లెన్సులది. నీ దగ్గరున్న 85 ఎంఎం లెన్స్ (ఎఫ్1.8డి) నేనిచ్చిందే. దానిలోపల మోటార్ లేదు. బాడీలోని మోటార్ స్క్రూ తిప్పితేనే ఫోకస్ అవుతుంది. డీ750లో ఆ మోటార్ ఉంది. జెడ్6 టూకి పాత లెన్సులు బిగించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ వేసి ఈ లెన్స్ పెడితే ఆటోఫోకస్ రాదు, చేత్తో తిప్పుకోవాలి. నీ 24-120 జూమ్ లెన్స్ మాత్రం ఏఎఫ్-ఎస్, అంటే లోపలే మోటార్ ఉన్నది కాబట్టి అడాప్టర్‌తో చక్కగా నడుస్తుంది. అందుకని కొత్తదానికి 24-120, పాతదానికి 85 పెట్టేయి. పెళ్లికూతురి ముఖం, అమ్మ కళ్లలో నీళ్లు 85కి వదిలెయ్. ఒకటి గుర్తుంచుకో, కొత్తదాని కోసం చేసిన జెడ్ లెన్సులు డీ750కి ఎక్కవు. రేపు మోజుపడి పాత లెన్సులన్నీ అమ్మేసి జెడ్ లెన్సులు కొన్నావంటే డీ750కి ముందు మూత ఒక్కటే మిగులుతుంది. ఆ రోజు బాడీని కూడా వాటితోపాటే అమ్మెయ్.

పాతదానితో ఇబ్బందులూ ఉన్నాయి. కొత్తదాని వ్యూఫైండర్‌లో వెలుగు ఎంత పడుతుందో ముందే కనిపిస్తుంది. నాలుగు నెలలు దానికి అలవాటుపడ్డాక డీ750 పట్టుకుంటే వెలుగు కొలిచే మీటర్ చూడటం మర్చిపోతావు. నాకూ జరిగింది, ఒక రిసెప్షన్‌లో పది నిమిషాలు అన్నీ తెల్లగా కాలిపోయాయి. ఫోకస్ సంగతీ అంతే. డీ750లోని 51 ఫోకస్ పాయింట్లూ మధ్యలోనే గుంపుగా ఉంటాయి, కంటిని వెతికి పట్టుకునే తెలివి వ్యూఫైండర్‌లో దీనికి లేదు. వీడియో దీంతో అసలు పెట్టుకోకు, దీన్లో 4కే లేదు.

ముందు ఒక పని చెయ్. డీ750తో ఒక జేపెగ్ తీసి నాకు పంపు. వాట్సాప్‌లో ఫొటోలా కాకుండా డాక్యుమెంట్‌గా పంపు, లేకపోతే లోపలి వివరాలన్నీ పోతాయి. షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో నికాన్ ఆ ఫైల్లోనే రాస్తుంది. డీ750 షట్టర్‌ను 1,50,000 సార్లకు పరీక్షించామని కంపెనీ చెప్పింది. అది దాటగానే చచ్చిపోతుందని కాదు, దాటకముందు పోదనీ కాదు. కానీ దగ్గరపడిందంటే తాళి టైములో దాన్ని ఒంటరిగా నమ్మకు. రెండు కార్డు స్లాట్లూ పనిచేస్తున్నాయో లేదో చూడు. 85తో ఎఫ్1.8లో, అంటే లెన్స్ పూర్తిగా తెరిచి, పది ఫొటోలు తీసి కంట్లో ఫోకస్ పడుతోందా, చెవి మీద పడుతోందా పెద్దది చేసి చూడు. చెవి మీద పడుతుంటే మెనూలో ఏఎఫ్ ఫైన్ ట్యూన్ ఉంది, సరిచేద్దాం.

రెండు కెమెరాల గడియారాలూ సెకన్లతో సహా కలుపు. ఫైల్ పేర్లలో మొదటి మూడక్షరాలు కూడా వేరువేరుగా పెట్టుకో. లేకపోతే ఒకే నంబరు ఫొటోలు ఒకదానిమీద ఒకటి పడి, ఆల్బమ్ డిజైనర్ నిన్ను తిడతాడు, నువ్వు నన్ను తిడతావు.

ఇక డబ్బు లెక్క. షాపువాడు చెప్పిన రేటును మీ ఊళ్లో బాడీకి ఒకరోజు అద్దె ఎంతో దాంతో భాగించు. అన్ని రోజుల పెళ్లిళ్లు ఈ ఏడాది నీ డైరీలో ఉంటే అమ్మడం తెలివితక్కువ. నాలుగైదే ఉంటే అమ్మేసి, కావాల్సినప్పుడు అద్దెకు తెచ్చుకో. షట్టర్ పోయి, మార్చడానికి అయ్యే ఖర్చు ఆ రేటులో సగం దాటితే బాగుచేయించకు, ఉన్నదున్నట్టు చెప్పి ఇచ్చెయ్. ఆషాఢం వచ్చేసరికి అది ఎన్నిసార్లు బ్యాగులోంచి బయటికొచ్చిందో చూసుకో. ఒక్కసారీ రాలేదంటే ఇక నన్ను అడగక్కర్లేదు.

పండక్కి వచ్చేటప్పుడు 85ని తీసుకురా. కిందటిసారి వెనక అద్దం అంచున సాలెగూడులా ఏదో కనిపించింది, ఫంగస్ అని నా అనుమానం. అప్పటిదాకా దాన్ని కొత్తవాటితో కలిపి ఒకే డబ్బాలో పెట్టకు. సిలికా జెల్ రంగు మారితే మార్చు. అక్కని అడిగానని చెప్పు.

మావయ్య
తెనాలి