రెండంతస్తుల రెక్కల యుద్ధ విమానాలను బ్రిటన్ 1937 దాకా పట్టుకుని వేలాడటం మూర్ఖత్వం కాదా?

మూర్ఖత్వం అనే మాట దగ్గరే నాకు పేచీ. అలా అనేవారిలో చాలామంది ఆ విమానాలను ఫొటోలో తప్ప చూసి ఉండరు. నేను తాకి చూశాను.

వృత్తిరీత్యా నేను వంతెనల లెక్కలు వేసేవాణ్ణి. ఇంగ్లండులో ఉద్యోగం చేసే రోజుల్లో బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని ఓల్డ్ వార్డెన్‌కు వెళ్లాను. అక్కడి షటిల్‌వర్త్ పాత విమానాల సేకరణలో ఇప్పటికీ ఎగిరే గ్లోస్టర్ గ్లాడియేటర్ ఉంది, ఇదీ రెండంతస్తుల రెక్కల యుద్ధ విమానమే. కాపలా ఉన్న పెద్దాయన నా ఉత్సాహం చూసి తాడు దాటి రమ్మన్నాడు. పై రెక్కకూ కింది రెక్కకూ మధ్య బిగించిన తీగను వేలితో మీటాడు, తంబురాలా మోగింది. ఆ తీగ గుండ్రంగా లేదు. గాలిని చీల్చుకుపోయేలా రెండంచులూ పలచగా, బాదం గింజను సాగదీసినట్టు ఉంది. తోక వైపు తట్టమన్నాడు. డప్పు చప్పుడు! లోపల లోహపు చట్రం, పైన బట్ట, బట్ట బిగుసుకోవడానికి పూత.

నులక మంచం గుర్తొచ్చింది నాకు. పట్టెలు, కోళ్లు, నులక విడివిడిగా చూస్తే దేనికీ పెద్ద బలం ఉండదు. బిగించి అల్లితే నలుగురు కూర్చున్నా కిర్రుమనదు. రెండు రెక్కలు, మధ్య కమ్మీలు, తీగలు కలిస్తే అది గాలిలో ఎగిరే వంతెనే. బరువు తక్కువ, బిగువు ఎక్కువ. అప్పటి ఇంజన్లకు అదే సరైన లెక్క. 1931లో వైమానిక దళాల్లోకి వచ్చిన హాకర్ ఫ్యూరీ అనే యుద్ధ విమానం గంటకు 200 మైళ్లు దాటింది, అదీ ఈ అమరికతోనే.

‘ఒంటి వరస రెక్కల యుద్ధ విమానం హరికేన్ 1935 నవంబరులోనే ఎగిరింది కదా’ అంటారు. ఎగిరింది, కానీ దళాలకు అందింది 1937 డిసెంబరులో. అంతవరకు చేతులు కట్టుకుని కూర్చోమంటారా? పైగా ఫ్యూరీని, హరికేన్‌ను గీసింది ఒకే మనిషి, సిడ్నీ కామ్. కాగితం మీద హరికేన్ మొదలైందే ‘ఫ్యూరీ మోనోప్లేన్’, అంటే ఒంటి వరస రెక్కల ఫ్యూరీ, అనే పేరుతో. అదే గొట్టాల చట్రం, వెనక భాగానికి అదే బట్ట. ఫ్యూరీ లేకపోతే హరికేన్ లేదు, నా మాట రాసిపెట్టుకోండి.

ఇంకొక చిరాకు. వీడియోలు చేసేవాళ్లందరికీ మాల్టా కథ ఒకటి దొరికింది. 1940లో ఫెయిత్, హోప్, చారిటీ అనే మూడే మూడు గ్లాడియేటర్లు ఆ దీవిని కాపాడాయట! అక్కడ మూడు కంటే ఎక్కువే ఉన్నాయి, ఆ పేర్లేమో తరువాత అంటుకున్నాయి. ఉన్న ధైర్యం చాలదా, కథ అల్లాలా?

ఇంత వాదించాను గానీ, గాలి ఎక్కువగా ఉందని ఆ రోజు గ్లాడియేటర్‌ను ఎగరనివ్వలేదు. సాయంత్రం నలుగురు కలిసి దాన్ని షెడ్డులోకి నెట్టుకెళుతుంటే చూసి వచ్చాను.